బాడుగ ఇంటి గడప ఎవరిది?

ఉద్యోగంలో చేరిన నాటి నుండి పదవీ విరమణ చేసే నాటి వరకు మనలో ఎక్కువమంది కాపురం సాగింది బాడుగ ఇండ్లలోనే. ఏ ఊరిలో ఎన్ని సంవత్సరాలు పనిచేశామో సర్వీసు రిజిస్టరులో నమోదై ఉంటుంది. ఆ ఊళ్ళలో ఎవరి వాటాలో ఉన్నాం, ఎలా ఉన్నాం అన్నది మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. అది ఇంటి ఇల్లాండ్రకు, పిల్లలకు మాత్రమే తెలిసిన చరిత్ర. బాడుగ ఒకటో తారీఖునే చేతిలో పెట్టినా, ఇల్లు గలవారు చెప్పాపెట్టకుండా వంటింటి దాకా రావడం, వచ్చిన చుట్టాలను లెక్కపెట్టడం, ఉత్తరం ఎక్కడి నుండి వచ్చిందని ఆరా తీయడం, రాత్రి లైటు ఎప్పుడు ఆర్పుతున్నారో కనిపెట్టడం చాలా కుటుంబాలు నోరు మెదపకుండా భరించిన సంగతులే.

డి.ఏ., పెన్షను, మెడికల్ బిల్లుల సంగతులు మనం తరచు చదువుకుంటూనే ఉంటాం. ఈ వ్యాసంలో ఇంకొక విషయం మనవి చేయదలచాను. బాడుగకు ఇచ్చిన ఇంటి గడప ఎవరి అధీనంలో ఉంటుంది? ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో, మన దేశంలో కాలక్రమాన ఏ ఏ జవాబులు వచ్చాయి? ఇది కేవలం పాత కథ కాదు. ఒకనాడు బాడుగకు ఉన్న మనమే ఈనాడు గ్రాట్యుటీ, కమ్యుటేషను డబ్బుతో ఇల్లు కట్టుకొని ఒక వాటా బాడుగకు ఇస్తున్నాం. కనుక ఈ ప్రశ్న మనకు రెండు వైపుల నుండీ వర్తిస్తుంది.

మన మిద్దెలు, మన వాటాలు

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతంలో పాత ఇండ్లు చాలావరకు మట్టి మిద్దెలు. రాతి గోడ, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండే ఇండ్లు. కాని మరుగు తక్కువ. మిద్దెలు గోడకు గోడ ఆనుకొని ఉండడం వల్ల ఒక మిద్దె మీది నుండి ఇంకొక మిద్దె మీదికి నడిచిపోవచ్చు. వెలుతురు కోసం పైకప్పులో వదిలిన గవాచి నుండి వంగి చూస్తే కింద ఇల్లంతా కనిపిస్తుంది. వేసవిలో ఊరంతా మిద్దెల మీదే పడక. ఒకే కుటుంబం కోసం కట్టిన ఇంటిలో రెండు అంకణాలు వేరు చేసి బాడుగకిస్తే తలవాకిలి ఒకటే, బచ్చలి ఒకటే, కరెంటు మీటరు ఒకటే.

మాధవరం వంటి గ్రామంలో బాడుగకు ఉండేదెవరు? బడి పంతులు, ఆరోగ్య కార్యకర్త, గ్రామసేవకుడు. ఉద్యోగి హెడ్‌క్వార్టర్స్‌లోనే కాపురం ఉండాలని నిబంధన. ఉండడానికి క్వార్టర్సు మాత్రం లేవు. ఊరిలో బాడుగకు దొరికే ఇల్లు ఒకటో రెండో. ఆ ఇల్లు పోతే మరొకటి లేదు. అందువల్ల ఇల్లు గలవారి మాటే శాసనం. ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఆ ఇండ్లలోనే పండుగనాడు ఓళిగలు పంపినవారూ, జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నవారూ ఉన్నారు. ఆదరణకు, ఆరాకు మధ్య గీత సన్నది. ఆ గీతను ఎక్కడ గీయాలో చెప్పడానికే చట్టం కావలసి వచ్చింది.

1882 నాటి రెండు చట్టాలు

బ్రిటిషు ప్రభుత్వం 1882లో చేసిన ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను ఇల్లు గలవారి, బాడుగదారుల హక్కులను, బాధ్యతలను వివరిస్తుంది. అందులో రెండు అంశాలు మనకు ముఖ్యం. మొదటిది: బాడుగ సక్రమంగా ఇస్తూ ఒప్పందం ప్రకారం నడచుకుంటున్నంత కాలం, గడువు లోపల బాడుగదారు ఏ ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించవచ్చు. కాగితం మీద రాసుకోకపోయినా ఇల్లు గలవారు ఈ మాట ఇచ్చినట్లే చట్టం భావిస్తుంది. రెండవది: ఇంటి స్థితిని తనిఖీ చేయడానికి ఇల్లు గలవారినీ, వారి మనుషులనూ సమంజసమైన వేళలలో లోపలికి రానివ్వాలి. బాడుగదారు వల్ల ఏదైనా చెడిపోయి ఉంటే, నోటీసు ఇచ్చిన మూడు నెలలలోగా బాగు చేయించాలి.

గమనించండి. రావద్దని చట్టం అనలేదు. సమంజసమైన వేళలో, ఇంటి స్థితి చూడడానికి రమ్మన్నది. గోడ బీటలు చూడవచ్చు, కుండలో కూర చూడడానికి కాదు. అయితే సమంజసమైన వేళ అంటే ఏది, ముందుగా చెప్పాలా వద్దా అన్నది చట్టం వివరించలేదు. ఆ ఖాళీలోనే మన తరాలు కాపురం చేశాయి.

అదే 1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం ఇంకొక సంగతి తడిమింది. పొరుగువారి చాటుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఒక ఊరిలో ఉంటే, దాని నుండి హక్కు పుడుతుందని ఆ చట్టం ఉదాహరణగా చెప్పింది. 1888లో అలహాబాదు హైకోర్టు గోకుల్ ప్రసాద్ కేసులో, కొత్తగా కట్టిన ఇంటి వరండా, తలుపులు పక్కింటి ఆడవారి చాటుకు భంగకరమన్న ఫిర్యాదుపై, ఆ ప్రాంతపు ఆచారాన్ని బట్టి చాటు హక్కును గుర్తించింది. మద్రాసు హైకోర్టు మాత్రం తన పరిధిలో అటువంటి హక్కును ఒప్పుకోలేదు. మన ఆదోని తాలూకా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో, బళ్ళారి జిల్లాలో ఉండేది. కాబట్టి గవాచి నుండి తొంగి చూసినా, కొత్త కిటికీ పెట్టినా మనవారికి ఆ ఆసరా లేకపోయింది.

యుద్ధం తెచ్చిన బాడుగ చట్టాలు

బాడుగ నియంత్రణ చట్టాలు శాంతికాలంలో పుట్టినవి కావు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో స్కాట్లండులోని గ్లాస్గో నగరానికి ఆయుధ కర్మాగారాల పనివారు వేలాదిగా వచ్చారు. బాడుగలు పెరిగిపోయాయి. 1915లో మేరీ బార్బర్ వంటి గృహిణుల నాయకత్వంలో కుటుంబాలు బాడుగ కట్టడం మానేసి సమ్మె చేశాయి. అదే సంవత్సరం బ్రిటిషు పార్లమెంటు బాడుగల పెంపును అదుపు చేస్తూ చట్టం చేసింది. మన దేశంలో 1918లో బొంబాయిలో అటువంటి చట్టం వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో మద్రాసు ప్రభుత్వం 1941లో భారత రక్షణ నిబంధనల కింద ఇంటి బాడుగ నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది. యుద్ధం ముగిసినా ఇండ్ల కొరత తీరలేదు. 1946లో ఒకటి, 1949లో మరొకటి చట్టాలు వచ్చాయి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి నుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరాయి. కర్నూలు రాజధాని అయింది. అంత చిన్న పట్టణానికి ఒక్కసారిగా సచివాలయం రావడంతో కార్యాలయాలకే చోటు లేక గుడారాలు వేయవలసి వచ్చిన సంగతి ప్రసిద్ధమే. కార్యాలయానికే గుడారమైతే ఉద్యోగికి ఇల్లు ఎక్కడిది? ఒక గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకొని, కుటుంబాన్ని సొంత ఊరిలో ఉంచి పనిచేసినవారి కథలు మన పెద్దల నోట వింటూ వచ్చాం. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలేవరకు ఈ ఇక్కట్లు తప్పలేదు.

1960 చట్టం ఇచ్చినదీ, ఇవ్వనిదీ

ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం అమలులో ఉండగా, రెండింటి స్థానే 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, బాడుగ, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. తహశీల్దారు స్థాయికి తగ్గని అధికారిని కంట్రోలరుగా నియమించవచ్చునని అందులో ఉంది. ఇల్లు ఖాళీ అయితే పది రోజులలోగా ప్రభుత్వానికి తెలపాలి. ప్రభుత్వోద్యోగికి అవసరమైతే ఆ ఇంటిని కేటాయించవచ్చు. బాడుగకు రశీదు పొందడం బాడుగదారు హక్కు. ఇల్లు గలవారు బాడుగ తీసుకోకపోతే ఏ బ్యాంకులో జమ చేయాలో చెప్పమని నోటీసు ఇచ్చి, చెప్పకపోతే మనియార్డరు పంపి, అదీ తిరస్కరిస్తే కంట్రోలరు వద్ద జమ చేయవచ్చు. కావాలని బాడుగ ఎగ్గొట్టడం, వేరొకరికి బాడుగకివ్వడం, ఇంటిని పాడుచేయడం, ఇల్లు గలవారికే నిజంగా అవసరం కావడం వంటి కారణాలు రుజువైతేనే ఖాళీ చేయించవచ్చు.

న్యాయమైన బాడుగ నిర్ణయానికి ఆ చట్టం పెట్టుకున్న కొలబద్ద 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలలలో ఆ పేటలో ఉన్న బాడుగ. ధరలన్నీ పెరిగినా కొలత మాత్రం యుద్ధకాలం నాటిదే. దీనివల్ల ఒక విపరీత ఫలితం కలిగింది. కోర్టు ద్వారా ఖాళీ చేయించడం ఏళ్ళ తరబడి సాగే పని అయింది. చట్టం ముందు తలుపు మూసేసరికి కొందరు పెరటి దారి పట్టారు. నీళ్ళు ఆపడం, ఫ్యూజు పీకడం, మరుగుదొడ్డికి తాళం వేయడం, వేళాపాళా లేకుండా ఇంట్లోకి రావడం, వచ్చిపోయేవారి మీద నిఘా పెట్టడం - విసిగి వారే వెళ్ళిపోవాలన్నది ఉద్దేశం. ఇది మన దేశానికే పరిమితం కాదు. లండనులో పీటర్ రాక్‌మన్ అనే ఇండ్ల యజమాని పాత బాడుగదారులను వేధించి వెళ్ళగొట్టిన తీరు వల్ల అతని పేరే అటువంటి దుర్నీతికి మారుపేరైంది. 1965లో బ్రిటిషు పార్లమెంటు బాడుగదారుని వేధించడాన్నే నేరంగా చేసింది.

మన 1960 చట్టం సరైన కారణం లేకుండా బాడుగదారు అనుభవిస్తున్న సౌకర్యాలను తొలగించరాదని కట్టడి చేసింది. నీళ్ళు, దీపం ఆపితే కంట్రోలరు వద్ద అర్జీ పెట్టుకోవచ్చు. కాని చెప్పకుండా ఇంట్లోకి రావడం గురించి, నిఘా గురించి ఆ చట్టంలో ప్రత్యేకించి మాట లేదు. పైకప్పుకు రక్షణ దొరికింది, తలుపుకు దొరకలేదు.

ఇంకొక ముఖ్య విషయం. ఈ చట్టం జంట నగరాలకు, మునిసిపాలిటీలకు వర్తించేది. ఇతర ప్రాంతాలకు వర్తించాలంటే ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించాలి. కనుక ఆదోని మునిసిపాలిటీలో కాపురమున్న గుమాస్తాకు ఉన్న రక్షణ మాధవరంలో ఉన్న పంతులుగారికి లేదు. ఒకే శాఖ, ఒకే జీతం, ఒకే జిల్లా. బదిలీ ఉత్తర్వు అందుకొని గ్రామానికి వెళ్ళిన రోజున బాడుగ చట్టం పట్టణ పొలిమేరలోనే నిలిచిపోయేది. ఊరిలో మిగిలినది 1882 నాటి పాత చట్టమే.

బాడుగకు అడిగేటప్పుడు వేసే మొదటి ప్రశ్న, ‘మీరేమిట్లు?’ అన్నది కూడా చాటులోకి చొరబడడమే. ఆ ఒక్క ప్రశ్నతో ఇల్లు దొరకక ఎండలో వీధులు తిరిగిన దళిత ఉద్యోగులు మనలో ఉన్నారు. అంటరానితనం పేరిట ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండనీయకపోవడం 1955 నాటి చట్టం ప్రకారం నేరం. 1976 సవరణతో దానికే పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు వచ్చింది.

ఒక తెలుగు న్యాయమూర్తి అభిప్రాయం

ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు కాగా హైకోర్టు 1954లో గుంటూరులో ఏర్పడింది. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. తర్వాత ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1962లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి కేసు వచ్చింది. పోలీసులు నిఘా పేరిట రాత్రివేళ అతని ఇంటికి వచ్చి తలుపు తట్టేవారు. రాత్రి సోదాలు చెల్లవని కోర్టు కొట్టివేసింది. కాని చాటు హక్కు రాజ్యాంగంలో లేదని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. సుబ్బారావుగారు, జస్టిస్ షా గారితో కలిసి, అందుకు విభేదించారు. పేరు పెట్టి రాయకపోయినా వ్యక్తి స్వేచ్ఛలో అది ముఖ్యభాగమేనని ఆయన అభిప్రాయం. అప్పటికి అది తక్కువమంది మాట.

2004లో మన రాష్ట్రం నుండే ఇంకొక కేసు సుప్రీంకోర్టు తీర్పుకు వచ్చింది. స్టాంపు సుంకం తగ్గిందేమో చూడడానికి ఎవరినైనా పంపి కాగితాలు తనిఖీ చేయించి, స్వాధీనం చేసుకునే అధికారాన్ని 1986 నాటి రాష్ట్ర సవరణ కలెక్టరుకు ఇచ్చింది. కెనరా బ్యాంకు దీనిని ప్రశ్నించింది. సవరణ చెల్లదని హైకోర్టు చెప్పగా సుప్రీంకోర్టు సమర్థించింది. చాటు హక్కు స్థలానికి సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినది అన్నది ఆ తీర్పు సారం. బాడుగదారుకు ఇంతకంటె కావలసిన మాట ఏముంది? ఇల్లు సొంతం కానంత మాత్రాన చాటు సొంతం కాకుండా పోదు.

చివరకు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చాటు హక్కు రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 1962లో తక్కువమందిదైన సుబ్బారావుగారి అభిప్రాయం 55 ఏళ్ళకు నిలబడింది. ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టులో పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. 2012లో కేసు వేసేనాటికి ఆయన వయసు 86 ఏళ్ళు. విశ్రాంత జీవితమంటే వాలుకుర్చీ మాత్రమే కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రాథమిక హక్కు ముఖ్యంగా ప్రభుత్వం మీద నిలుస్తుంది. ఇల్లు గలవారి విషయంలో మామూలు చట్టాలే ఆధారం. శిక్షా స్మృతిలో అక్రమ ప్రవేశం అనే నేరానికి కొలత ఆస్తి ఎవరి సొంతం అన్నది కాదు, ఎవరి స్వాధీనంలో ఉంది అన్నది. బెదిరించడానికో, అవమానించడానికో, విసిగించడానికో బాడుగదారు స్వాధీనంలోని ఇంట్లోకి చొరబడితే, సొంతదారయినా తప్పించుకోలేరు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నేరం ఉంది. ఇంట్లోకి చొరబడితే ఏడాది వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా బాడుగ చట్టం, 1882 నాటి ఖాళీని పూరించింది. ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు, కారణం, రోజు, వేళ తెలుపుతూ నోటీసు ఇవ్వాలి. రాత్రివేళ రాకూడదు. అగ్ని ప్రమాదం, వరద వంటి ఆపదలలో మాత్రం మినహాయింపు. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదు. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ శాసనసభలలో చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అంతకు ముందే, 2017లో, కొత్త బాడుగ చట్టాన్ని ఆమోదించింది. తగాదా వస్తే ప్రస్తుతం ఏది వర్తిస్తుందో దగ్గరి న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇల్లు గల పెన్షనర్లకు, బాడుగకున్న పెన్షనర్లకు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. జీవితకాలపు పొదుపుతో కట్టిన ఇంటి మీద మమకారం ఉండడం సహజమే. బాడుగదారు ఖాళీ చేయరేమో అన్న భయమూ నిజమే. కాని ఆ భయానికి మందు రాతపూర్వకమైన ఒప్పందమే గాని నిఘా కాదు. అనుభవంతో కొన్ని మాటలు మనవి చేస్తున్నాను.

1. ఒప్పందం కాగితం మీద రాసుకోండి. ఏడాదికి మించిన గడువైతే రిజిస్టరు చేయించాలి. బాడుగ, అడ్వాన్సు, కరెంటు, నీళ్ళు, సున్నం, మరమ్మతుల సంగతితో పాటు ఇంట్లోకి వచ్చే పద్ధతి కూడా ఒక వాక్యంలో రాయండి: ముందు రోజు చెప్పి, పగటివేళ, బాడుగదారు ఇంట్లో ఉండగా.

2. బాడుగ బ్యాంకు ద్వారా ఇవ్వండి, పుచ్చుకోండి. లేదంటే రశీదు తప్పనిసరి. లెక్క స్పష్టంగా ఉన్నచోట తగాదా తక్కువ.

3. రెండవ తాళంచెవి ఇల్లు గలవారి వద్ద ఉంటే అది ఆపద కోసమే. వాడితే వెంటనే తెలియజేయాలి.

4. ఈ కాలపు గవాచి సి.సి. కెమెరా. దొంగల భయానికి వీధి వాకిలి వైపు పెట్టుకోవచ్చు. బాడుగ వాటా తలుపు, కిటికీ, బచ్చలి వైపు తిప్పరాదు. స్త్రీల చాటును చిత్రీకరించడం కఠిన శిక్షకు గురిచేసే నేరం.

5. గుర్తింపు కోసం తీసుకున్న ఆధార్ నకలు ఇంకొకరికి ఇవ్వవద్దు. ఇల్లు బాడుగకు ఇవ్వడానికి కులం, భోజనం, చుట్టపక్కాల వివరాలు అవసరం లేదు.

6. ఇబ్బంది కలిగితే బాడుగదారు మొదట నెమ్మదిగా నోటితో చెప్పాలి. మారకపోతే తేదీలతో ఉత్తరం రాసి నకలు దాచుకోవాలి. కోపంలో బాడుగ ఆపితే తప్పు మన మీదికి వస్తుంది.

పిల్లలు దూర దేశాలలో ఉండగా ఒంటరిగా వాటాలో ఉంటున్న పెన్షనర్లు, కుటుంబ పెన్షను మీద బతుకుతున్న సోదరీమణులు మనలో ఉన్నారు. ఈ వయసులో ఇల్లు మారడం తేలిక కాదు కనుక వారు నోరు తెరవరు. అటువంటివారి తరఫున ఇల్లు గలవారితో మర్యాదగా మాట్లాడడానికి సంఘం సభ్యులు ఇద్దరు తోడు వెళ్తే, కోర్టు దాకా పోనక్కరలేని తగాదాలు ఎన్నో ఉంటాయి.

ఇల్లు ఇల్లుగలవారిదే, అందులో సందేహం లేదు. కాని బాడుగ పుచ్చుకున్న నెల, ఆ గడప బాడుగదారుది. 1882 చట్టంలో ఒక మాటగా ఉన్న ఈ సంగతి, మనం ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఊరూరా తిరిగి నేర్చుకున్నదే. నేడు ఇల్లు గలవారమైన మనం లోపలికి వెళ్ళే ముందు తలుపు తట్టి, ‘రావచ్చునా అమ్మా’ అని అడిగితే మన ఇంటికే గౌరవం.